శుక్రవారానికీ శనివారానికీ మధ్య

మార్కెట్‌కు పోతున్నానని చెబితే మా అమ్మ ఫోన్లో, "పచ్చిమిర్చి అయిపోయినయా?" అంది. తప్పు ఆమెది కాదు. మిషిగన్ రాష్ట్రం పైభాగంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున నిజంగానే మార్కెట్ అనే ఊరుంది. ఎప్పటిదో ఫ్రెంచి పాదిరీ పేరు అది. పలకడం మాత్రం మన మోండా మార్కెట్‌లో మార్కెట్‌ లాగే.

"కూరగాయలకు కాదమ్మా, హాకీ ఆట చూడనీకి."

"ఎంత దూరం?"

"శుక్రవారం పది గంటలు డ్రైవింగ్. శనివారం రెండు గంటలు. ఆదివారం ఇంటికి ఎనిమిది గంటలు."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత అడిగింది, "వాళ్ళేమన్నా జీతమిస్తరా?"

సికింద్రాబాద్‌లో పెరిగినవాడికి హాకీ అంటే జింఖానా మైదానం దుమ్ము, వంకర కర్ర, మూడు ఒలింపిక్స్ ఆడొచ్చిన మన ముకేశ్ కుమార్. ఎమ్మెస్ కోసం ఆ పైభాగంలోనే ఉన్న హోటన్‌లోని మిషిగన్ టెక్ యూనివర్సిటీలో చేరిన కొత్తలో, "ఈ ఊళ్ళో అందరికీ హాకీ పిచ్చి" అని సీనియర్లు చెబితే సంబరపడిపోయాను. వెళ్ళి చూస్తే గడ్డి లేదు, బంతి లేదు. మంచు మీద ఇనప అంచు బూట్లతో ఆరుగురికి ఆరుగురు, మధ్యలో మూడంగుళాల నల్లటి రబ్బరు బిళ్ళ. దాన్ని పక్ అంటారు. ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు ఫ్రీజర్లో పెట్టి గడ్డకట్టిస్తారట. మొదటి రోజు ఆ బిళ్ళ ఎక్కడుందో నాకు ఒక్కసారి కూడా కనబడలేదు. జనం లేస్తే లేచాను, కూర్చుంటే కూర్చున్నాను. రెండో ఏడాదికల్లా అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఉద్యోగమొచ్చి డెట్రాయిట్ పక్కన కాంటన్‌లో స్థిరపడ్డాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. నాతోపాటు రాజుగారికీ వదల్లేదు. ఆయన నా పాత రూమ్మేట్, నా ఈడువాడే. భీమవరం మనిషి కాబట్టి మొదటి రోజునుంచీ అందరికీ రాజుగారే. ఏటా టెక్‌కీ, మార్కెట్‌లోని నార్తర్న్ మిషిగన్ యూనివర్సిటీకీ మధ్య పోటీ ఉన్న వారాంతం చూసుకుని పైకి వెళ్ళడం మాకు అలవాటు. ఆ ఏడు అది సంక్రాంతి రోజుల్లో పడింది.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. డిక్కీ నిండా మా జూనియర్ల కోసం కందిపప్పు, సోనా మసూరి, రెండు సంచుల కరివేపాకు. మాకినా వంతెన చేరేసరికి తెల్లారింది. దాదాపు ఐదు మైళ్ళ వంతెన, 1957లో కట్టింది, రాష్ట్రంలోని రెండు ముక్కల్నీ కలుపుతుంది. మధ్య లేన్లలో ఉక్కు జాలీ మీద చక్రాలు బుయ్‌మని పాడతాయి. కిందికి చూస్తే జాలీ సందుల్లోంచి నీళ్ళు కనబడతాయి. రాజుగారు ప్రతిసారీ అక్కడ కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా అందుకుంటారు, అదృష్టం కొద్దీ నడిపేది నేను.

వంతెన దాటితే పై ముక్క, అప్పర్ పెనిన్సులా. సీనీ అనే పల్లె దాటాక రోడ్డు పాతిక మైళ్ళు గీత గీసినట్టు ఉంటుంది, అటూ ఇటూ అడవి తప్ప ఇంకేమీ ఉండదు. దాని గురించి చెప్పడానికీ ఏమీ లేదు. ఆ తర్వాత వచ్చేది మార్కెట్. మా హోటన్‌కు పోవాలంటే ప్రత్యర్థి ఊరి మీదుగానే పోవాలి. ఊరు దాటేదాకా రాజుగారు కారు అద్దాలు దించనివ్వరు. కాఫీ కూడా ఇష్పెమింగ్‌లోనే.

ఈ రెండు ఊళ్ళ వైరం ఎందుకో తెలియాలంటే రెండూ ఎంత ఒకేలా ఉంటాయో తెలియాలి. హోటన్ రాగి గనుల మీద పుట్టిన ఊరు, మార్కెట్ ఇనుప గనుల మీద. మంచు ఒకటే, సరస్సు ఒకటే, ఫిన్లాండ్ నుంచి వచ్చిన తాతలూ ఒకటే. రెండు కాలేజీలూ చిన్నవే. టెక్‌లో ఏడు వేల మంది ఉంటారు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండో శ్రేణిలో ఆడతాయి, హాకీ ఒక్కటే మొదటి శ్రేణిలో. మిషిగన్, మిన్నెసోటా లాంటి మహా విశ్వవిద్యాలయాల్ని కళ్ళలో కళ్ళు పెట్టి చూడగలిగేది ఆ మంచు మీద మాత్రమే. అందుకే ఊరి పరువంతా దానిమీద. జాన్ మాకినిస్ అనే కోచ్ చేతిలో టెక్ 1962, 1965, 1975లలో జాతీయ ఛాంపియన్ అయింది. నార్తర్న్ 1991లో గెలిచింది, బోస్టన్ యూనివర్సిటీ మీద మూడు ఓవర్‌టైమ్‌లు ఆడి 8–7తో. మేం "మూడు" అని వేళ్ళు చూపిస్తాం. వాళ్ళు "మీ ఆఖరిదానికి రంగుల టీవీ ఉందా?" అంటారు. ఉంది గానీ, ఆ వాదన గెలిచి లాభం లేదు.

మూడున్నరకు హోటన్ చేరాం. రెండున్నర అయ్యుండాలి, మంచు వల్ల గంట పోయింది. వాయవ్యం నుంచి వచ్చే చలిగాలి సుపీరియర్ మీద నీటి ఆవిరి మోసుకొచ్చి ఈ కీవినా ద్వీపకల్పం మీద దులుపుతుంది. 1978–79 చలికాలంలో 390.4 అంగుళాలు పడిందని కొలబద్ద లాంటి బోర్డొకటి మోహాక్ దగ్గర రోడ్డు పక్కన నిలబెట్టారు. అంటే ముప్పై రెండు అడుగులకు పైనే. నేను చదువుకునేటప్పుడు దాని కింద ఫొటో దిగి ఇంటికి పంపితే, మా నాన్న ఆ బోర్డు చూడలేదు, నా బూట్లు చూసి "సాక్సులు రెండు జతలు వేసుకో" అని రాశారు.

ఆటకు టైముంది కదాని కాలువ ఒడ్డున డీ స్టేడియం దాకా నడిచాం. ఇప్పుడున్నది తర్వాత కట్టింది. అంతకు ముందు అక్కడే ఆంఫిడ్రోమ్ అనే రింక్, అంటే మంచు మైదానం, ఉండేది, 1927లో కాలిపోయింది. డబ్బిచ్చి ఆటగాళ్ళను ఆడించిన మొట్టమొదటి హాకీ లీగు 1904లో మొదలైంది, ఈ ఊరి జట్టు అందులో ఒకటి. దాని వెనకున్న మనిషి డాక్ గిబ్సన్, వృత్తికి పళ్ళ డాక్టరు. హాకీ లీగు పెట్టడానికి పళ్ళ డాక్టరుకు మించిన దూరదృష్టి ఎవరికుంటుంది?

రాత్రి ఏడుకి ఆట. మాకినిస్ అరీనాలోకి అడుగుపెడితే ముందు చెవులకు తగిలేది పెప్ బ్యాండు. నలుపు, పసుపు చారల ఓవరాల్స్ వేసుకున్న కుర్రాళ్ళు, బూరలు, డ్రమ్ములు. "కాపర్ కంట్రీ హాకీలో రెండో గొప్ప ఆకర్షణ" అని వాళ్ళకు వాళ్ళే బిరుదిచ్చుకున్నారు. కాపర్ కంట్రీ అంటే ఈ రాగి గనుల సీమ. మొదటిది ఏమిటో ఆరోజు ఆటను బట్టి ఉంటుంది. విద్యార్థుల గుంపు గోలు వెనక చేరి ప్రత్యర్థి గోలీని, అంటే గోలు కాసేవాణ్ణి, ఏడిపిస్తుంది. గోలు పడ్డప్పుడల్లా వేలు చూపిస్తూ "సీవ్! సీవ్!" అంటారు. సీవ్ అంటే జల్లెడ. మా రోజుల్లో తెలుగువాళ్ళం ఎనిమిది మందిమి ఒక వరసలో నిలబడి "జల్లెడ! జల్లెడ!" అని అరిచేవాళ్ళం. ఆ గోలీలకు అర్థం కాకపోయినా బాగానే తగిలేదనుకుంటాను. ఆ రోజు మా కింది వరసలో ఇంకో తెలుగు గుంపు అదే మాట అరుస్తోంది. మేం నేర్పలేదు. మా తర్వాత వాళ్ళు వీళ్ళకు నేర్పారో, వీళ్ళకు సొంతంగా తట్టిందో అడగలేదు.

ఆట సంగతి: రెండుసార్లు ముందుకెళ్ళాం, రెండుసార్లూ వాళ్ళు సమం చేశారు. మూడు పీరియడ్లూ అయిపోయాయి, ఓవర్‌టైమ్. అందులో గోలీలు కాక మూడుకి మూడు మాత్రమే ఆడతారు, ఐదు నిమిషాలు, ఎవరు ముందు గోలేస్తే వాళ్ళదే. పదిమంది నిండిన మంచు ఒక్కసారిగా ఖాళీ పొలంలా కనబడుతుంది. ఒక్క పాస్ తప్పిందంటే వెనక పట్టుకునేవాడు లేడు. మా పాసే తప్పింది. వాళ్ళవాడు ఒంటరిగా పోయి మా గోలీ భుజం మీదుగా కొట్టాడు. ఆకుపచ్చ స్వెటర్లవాళ్ళు ఒక మూలలో గంతులేస్తుంటే మిగతా హాలంతా చావు కబురు విన్నట్టయింది.

అమెరికా కాలేజీ హాకీలో ఇక్కడే ఒక విచిత్రం ఉంది. అవే రెండు జట్లు శుక్రవారం ఆడి, శనివారం మళ్ళీ ఆడతాయి. క్లాసులున్న పిల్లలు బస్సుల్లో వందల మైళ్ళు పోవాలి కాబట్టి ఒక ప్రయాణంలో రెండు ఆటలు కానిస్తారు. కారణం అంత మామూలుది. పొరుగు ఊళ్ళయితే చెరో ఊళ్ళో చెరొకటి. కానీ దీనివల్ల శుక్రవారం రాత్రి అనేది ఒకటి తయారవుతుంది. నేను పది గంటలు పోయేది ఆటల కోసమని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ రాత్రి కోసం.

జూనియర్ల ఇల్లు హాంకాక్‌లో, లిఫ్ట్ బ్రిడ్జి దాటి కొండెక్కాలి. కిటికీలోంచి మాంట్ రిప్లీ స్కీ వాలు మీది లైట్లు కనబడతాయి. ఓడిన రాత్రి ఎవరూ పడుకోరు. పప్పుచారు, ఆవకాయ, నేలమీద కంచాలు. ఆ తప్పిన పాస్‌ను లాప్‌టాప్‌లో పదిహేను సార్లు చూశాం. ప్రతిసారీ తప్పింది.

"కోచ్‌ది తప్పన్నా," అన్నాడు ఒక తమ్ముడు. "మనోళ్ళు అలిసిపోయిర్రు, మార్చాల్సింది."

రాజుగారు నెయ్యి వేసుకుంటూ, "అది కాదండీ. మా భీమవరం బరిలో ఓడిన పుంజు సాయంత్రానికి కూరైపోద్ది. మళ్ళీ తెల్లారి అదే పుంజు మీదకి దాన్ని దింపరు. ఈళ్ళు దింపుతున్నారు. ఓడినోడికి పొద్దున లేచి అదే మొకం చూడాలంటే ఎలా ఉంటదో, అదీ ఆట," అన్నారు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ తమ్ముడే, "కూరంటే గుర్తొచ్చింది, చికెన్ తేలేదా అన్నా?" అన్నాడు.

నేను రెండింటి దాకా మెలకువగానే ఉన్నాను. గెలిచిన రాత్రుల్లో ఇలా ఉండదు, హాయిగా నిద్రపడుతుంది, పొద్దున్నే భయం మొదలవుతుంది. ఓడిన రాత్రి భయం ఉండదు, బాకీ ఉంటుంది. పైగా అవతలి ఊళ్ళో కూడా ఎవరో ఇదే పాస్‌ను చూసుకుంటూ నవ్వుకుంటున్నారన్న ఊహ ఒకటి. వాళ్ళకు కూడా రేపుంది.

పొద్దున కారు కనబడలేదు. ఎనిమిది అంగుళాలు పడింది. ఇక్కడివాళ్ళు పార వాడరు, రెండు చేతులా తోసే తొట్టిలాంటి స్కూప్ ఒకటుంటుంది. దాంతో అరగంట తోశాక కారు అద్దం దొరికింది. దారిలో కొన్న పాస్టీలు ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాం. కార్నిష్ గని కార్మికులు తెచ్చిన తిండి ఇది: మైదా తొడుగులో గొడ్డుమాంసం, ఆలుగడ్డ, ఉల్లి, రూటబాగా దుంప. రాజుగారికి కూరగాయలది. ఇరానీ హోటల్ కర్రీ పఫ్‌కు పెద్దన్న అనుకోవచ్చు, కారం లేని పెద్దన్న. ఆవకాయ సీసా అందుకే కార్లో ఉంటుంది.

మార్కెట్‌లో బెర్రీ సెంటర్‌ను ఒలింపిక్ కొలతల్లో కట్టారు, వంద అడుగుల వెడల్పు. మాది ఎనభై ఐదు. ఆ పదిహేను అడుగులు చిన్నవిగా వినబడతాయి గానీ, పక్కలకు చోటు పెరిగితే గుద్దులు తగ్గి పరుగు పెరుగుతుంది, నిన్నటి ఆట ఇవాళ పనికిరాదు. మా సీట్లు ఆకుపచ్చ సముద్రం నడుమ పడ్డాయి. పక్కన డెబ్భై దాటిన ఒక పెద్దావిడ ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటూ మా నలుపు పసుపు టోపీల్ని చూసి, "నిన్న రాత్రి నిద్రపట్టిందా బాబూ?" అంది. 1991లో సెయింట్ పాల్‌లో ఆ ఎనిమిదో గోలు కళ్ళారా చూసిందట. ఆ రోజు మూడో ఓవర్‌టైమ్‌కు తన గొంతు పోయిందనీ, గోలు పడ్డప్పుడు అరవలేకపోయాననీ, ఆ బాధ ఇప్పటికీ ఉందనీ చెప్పింది. మాక్కూడా చెరో కప్పు పోసింది. రాజుగారు తాగారు. మార్కెట్‌లో కాఫీ!

చివరి రెండు నిమిషాలకు మేం ఒక్క గోలు ముందు. వాళ్ళు గోలీని బయటికి పిలిచి ఆరో ఆటగాణ్ణి దింపారు. వెనక గోలు బార్లా తెరిచి ఉంది, ముందు ఆరుగురు మా మీద విరుచుకుపడుతున్నారు. పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుంది, ఎవరి చెయ్యో చూసుకోకుండానే. మా డిఫెన్స్‌వాడు ఒకడు గోడకానించి పక్‌ను పైకి కొట్టాడు. అది మెల్లగా, మరీ మెల్లగా జారుతూ మంచు మైదానమంతా దాటి పోయి ఖాళీ గోలులో పడింది.

రాజుగారు సీటెక్కి, "జల్లెడ కూడా లేదండోయ్, ఉట్టి చట్రమే!" అన్నారు. ఆయన గొంతు అక్కడితో సరి.

"చెరొకటి," అంది పెద్దావిడ, ఫ్లాస్కు మూత బిగిస్తూ.

రాజుగారు ఒప్పుకోలేదు. గొంతు లేదు కాబట్టి వేళ్ళతో లెక్క చెప్పారు. మా లీగులో మామూలు సమయంలో గెలిస్తే మూడు పాయింట్లు, ఓవర్‌టైమ్‌లో గెలిస్తే రెండే, అందులో ఓడినవాడికి ఒకటి. నిన్న ఒకటి, ఇవాళ మూడు, మాకు నాలుగు. మీకు నిన్నటి రెండే. ఆవిడ ఆ వేళ్ళను శ్రద్ధగా చూసి, "లెక్కలు చెప్పడంలో టెక్ వాళ్ళను మించినవాళ్ళు లేరు," అని టోపీ పెట్టుకుని మెట్లు దిగింది.

ఆదివారం వంతెన మీద అమ్మ ఫోను. గెలిచారా అని అడిగింది. నా గొంతూ బొంగురే. చెరొకటి అన్నాను. పక్కసీట్లో రాజుగారు, కళ్ళు మూసుకునే, నాలుగు వేళ్ళు పైకెత్తారు.