చెక్క కాదమ్మా, చెక్క ఫొటో

ఆదివారం, రాత్రి

పొద్దున్న కిటికీ తెర పక్కకి లాగగానే ఎండ ఏటవాలుగా హాల్లోకి పడింది. నేలంతా ఆవిరి పట్టిన అద్దంలా మసగ్గా కనిపించింది. మాప్ తిప్పిన చారలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. నిన్ననే శ్రద్ధగా తుడిచాను. అయినా పాదం వేస్తే కాస్త జిగురుగా తగిలింది. మనసు చివుక్కుమంది.

అమ్మ వచ్చి చూసింది. "బకెట్‌తో నీళ్ళు పోసి ఒకసారి కడిగేస్తే పోతుంది కదా" అంది.

"దీనిమీద నీళ్ళు పోయకూడదమ్మా."

"చెక్కేగా, ఆరిపోతుందిలే."

"చెక్క కాదమ్మా, చెక్క ఫొటో."

అమ్మ నమ్మలేదు. పెట్టెలో మిగిలిన పలక ఒకటి తెచ్చి అంచు చూపించాను. మందం 8 మిల్లీమీటర్లు. మధ్యలో చెక్క నారని గట్టిగా అదిమి చేసిన బోర్డు, దానిమీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం, ఆపైన గీతలు పడకుండా మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన పారదర్శకమైన పొర. ఇదే లామినేట్. అమ్మ పలక మీద వేలితో రాస్తూ, "ఈ ముడి గుర్తు అక్కడ కూడా ఉందే" అని సోఫా దగ్గరి పలక చూపించింది. నిజమే, అదే ముడి, అదే గీత. ఇన్నాళ్ళూ నేను గమనించలేదు. ఇలాంటిది ఎప్పటినుంచి ఉందని అడిగింది. 1977లో స్వీడన్‌లో పెర్‌స్టార్ప్ అనే కంపెనీ కనిపెట్టిందని చెప్పాను.

ఇక మసక సంగతి. అది మురికి కాదు, నేను వాడిన క్లీనర్ పొర. బాగా శుభ్రమవుతుందనుకుని, సీసా మీద చెప్పినదానికన్నా రెండు మూతలు ఎక్కువ కలుపుతూ వచ్చాను. ఈ నేల పైపొర దేన్నీ పీల్చుకోదు. పోసిన సబ్బు పైనే ఆరిపోయి సన్నటి పొరలా ఉండిపోతుంది. దానికి దుమ్ము అంటుకుంటుంది, మసకగా ఉందని నేను మళ్ళీ ఇంకాస్త కలుపుతాను. నెలల తరబడి జరిగింది ఇదే. మెరుపు కోసమని మైనం, నూనె పాలిష్‌లు రాసినా ఇంతే. అవి అసలు చెక్కకి పనికొస్తాయి, దీనికి కావు.

ఈరోజు ముందు పొడి మైక్రోఫైబర్ మాప్‌తో దుమ్మంతా తీశాను. ఇసుక రేణువు ఉండగా తడిగుడ్డ పెడితే ఆ రేణువునే నేలంతా ఈడ్చినట్టు. తర్వాత వట్టి గోరువెచ్చని నీళ్ళు తీసుకున్నాను, అందులో ఏమీ కలపలేదు. గుడ్డని గట్టిగా పిండి అరచేతిలో నొక్కి చూశాను. చుక్క రాలితే మళ్ళీ పిండాను. నాలుగైదు పలకలు తుడవడం, వెంటనే పొడిగుడ్డతో అద్దడం, అంతే పని. మొదటి రెండు గజాలకే గుడ్డ బూడిద రంగుకి తిరిగింది. నాలుగుసార్లు నీళ్ళు మార్చాను. హాలొక్కటే రెండు గంటలు పట్టింది. నడుం పట్టేసింది కానీ, మసక వదిలిన చోట చెక్క రంగు కొత్తగా అచ్చేసినట్టు బయటపడుతుంటే చెయ్యి ఆపబుద్ధి కాలేదు.

ఆవిరి మాప్ కొనుక్కోమని పక్కింటావిడ ఎప్పటినుంచో చెబుతోంది. టైల్స్‌కి అది బాగానే ఉంటుంది. ఇక్కడ మాత్రం ఆవిరి అతుకుల్లోకి దూరి లోపలి బోర్డుని ఉబ్బిస్తుంది. కొనను.

ఉబ్బడమంటే ఏమిటో ఫ్రిజ్ దగ్గర చూస్తూనే ఉన్నాను. కిందటేడు ఫ్రిజ్ అడుగున నీళ్ళు కారాయి. మేము చూసేసరికి రెండు రోజులైంది. రెండు పలకల అంచులు లేచి, మధ్యలో సన్నటి గట్టు కట్టాయి. అది ఆరింది కానీ అణగలేదు. ఒకసారి ఉబ్బిన నార మళ్ళీ సర్దుకోదు. తుడుస్తూ అక్కడికి వచ్చేసరికి ఈరోజూ వేలు ఆ గట్టు మీద ఆగిపోయింది. నేనే ఆ రెండు రోజుల్లో ఒక్కసారి వంగి చూసి ఉంటే ఇది జరిగేది కాదు. ఆ బాధ నాకింకా ఉంది.

"చిత్రిక పట్టిస్తే సమం కాదా?" అంది అమ్మ.

చిత్రిక పడితే ముందు పోయేది ఆ ఫొటో కాగితమే. అసలు చెక్కని అరగదీసి మళ్ళీ కొత్తగా చేసుకోవచ్చు, దీనికి ఆ అవకాశం లేదు. పలక మార్చడం ఒక్కటే దారి.

మధ్యాహ్నం కుర్చీలన్నీ బోర్లించాను. కాళ్ళ కింద అంటించిన ఫెల్ట్ ముక్కలు నేలని కాపాడతాయని నిశ్చింతగా ఉన్నాను. చూస్తే వాటి నిండా ఇసుక కూరుకుపోయి ఉంది. కుర్చీ జరిపిన ప్రతిసారీ గరుకు కాగితంతో రుద్దినట్టే అయింది. బల్ల కింద సన్నటి గీతలు ఎందుకొచ్చాయో ఇప్పుడు తెలిసింది. పదహారూ పీకేసి కొత్తవి అంటించాను. గుమ్మం బయట ఒక పట్టా ఉంది, లోపల కూడా ఒకటి వేశాను.

పడగ్గదిలో వేసినవి వినైల్ అనే ప్లాస్టిక్ పలకలు. అక్కడ తడి గురించి అంత టెన్షన్ లేదు. కానీ మంచం పక్కనున్న రబ్బరు అడుగు పట్టా ఎత్తితే కింద సరిగ్గా దాని ఆకారంలోనే పసుపు మచ్చ! ఎంత రుద్దినా పోలేదు. రబ్బరులోని రసాయనం వినైల్‌లోకి దిగితే పడే మరక ఇది, పైపైన ఉండే మురికి కాదు. పట్టా తీసేశాను. మచ్చ ఉంటుంది.

సాయంత్రం అమ్మ చెప్పులు విడిచి హాల్లో అటూ ఇటూ నడిచింది. "ఇప్పుడు కాలికి హాయిగా ఉందే" అంది. నాకు చాలా సంతోషమేసింది.

ఉబ్బిన పలకలు గోడ నుంచి మూడో వరసలో ఉన్నాయి. గోడ అడుగున ఉన్న పట్టీ (స్కర్టింగ్) ఊడదీసి, గోడ వైపు నుంచి ఒక్కో వరసా విప్పుకుంటూ రావాలి. జిగురు వెయ్యలేదు, ఒకదానిలో ఒకటి బిగించినవే కాబట్టి విరగకుండా వస్తాయి. వచ్చే ఆదివారం వడ్రంగిని రమ్మన్నాను. పడుకోబోయే ముందు మంచం కింద పెట్టె లాగి లెక్కపెట్టాను. ఐదు పలకలున్నాయి. మాకు కావలసినవి రెండు.