డీఎం న్యూరాలజీ, రెండో అటెంప్ట్‌: నా ప్రిపరేషన్ అనుభవం

ఎన్నాళ్ల నుంచో రాద్దామనుకుంటున్నా, డ్యూటీలతో కుదర్లేదు. ఎండీ తర్వాత సూపర్ స్పెషాలిటీ కోర్సైన డీఎంలో చేరడానికి రాసే నీట్ ఎస్‌ఎస్ రెండోసారి రాస్తే న్యూరాలజీ (మెదడు, నరాల వైద్యం) సీటొచ్చింది. మొదటిసారి పోవడానికి కారణం ఒకటే, న్యూరో అంటే ప్రాణం కదా అని ఆర్నెల్లు అదే చదివా, అందులోనూ పార్కిన్సన్స్, డిస్టోనియా (కండరాలు మెలితిరిగిపోవడం), కొరియా (అదుపులేని కదలికలు) లాంటి మూవ్‌మెంట్ డిజార్డర్సే, అంటే కదలికల జబ్బులే. పేపరేమో మెడిసిన్ గ్రూప్‌ది, కార్డియాలజీకి వెళ్లేవాళ్లూ నెఫ్రాలజీకి వెళ్లేవాళ్లూ మనమూ రాసేది అవే 150 ప్రశ్నలు, రైటుకి 4, తప్పుకి మైనస్ 1. కిడ్నీ, గుండె ప్రశ్నల దగ్గర గెస్ చేసి, న్యూరోలో తెచ్చుకున్నవి అక్కడ పోగొట్టుకున్నా. రెండోసారి పొద్దున్నంతా మిగతా మెడిసిన్, రాత్రి రెండు గంటలే న్యూరో.

కానీ మూవ్‌మెంట్ డిజార్డర్స్‌ని మాత్రం పుస్తకంతో మొదలుపెట్టకండి, ఓపీలో మొదలుపెట్టండి. ఎండీ సెకండియర్‌లో ఒక పెద్దావిడ వచ్చారు, కుడి భుజం నొప్పికి ఏడాదిగా వేరేచోట ఫిజియోథెరపీ చేయించుకుంటున్నారు, తగ్గలేదు. వణుకు అస్సల్లేదు. మాటల్లో ఆవిడే అన్నారు, "ముగ్గు పెడుతుంటే చివరికొచ్చేసరికి చుక్కలు దగ్గరదగ్గరగా పడిపోతున్నాయమ్మా" అని. బొటనవేలు, చూపుడువేలు గబగబా తట్టమన్నాం, మొదట బాగానే తెరుచుకున్నాయి, పదో సారికి వేళ్ల మధ్య సందు సగమైపోయింది. నడిపిస్తే ఎడమచెయ్యి ఊగుతోంది, కుడిచెయ్యి ఒంటికి అతుక్కుపోయినట్టుంది. ఆ రాత్రి పార్కిన్సన్స్ నిర్ధారణకి వాడే 2015 క్రైటీరియా తీస్తే మళ్లీ బట్టీ పట్టాల్సిన పనే లేకపోయింది: బ్రాడీకైనీజియా (కదలికలు నెమ్మదించి, చేసేకొద్దీ చిన్నవైపోవడం) తప్పనిసరి, దానికి తోడు రెస్ట్ ట్రెమరో (కదపకుండా ఉన్నప్పుడు వణుకు) రిజిడిటీయో (బిగుతు) ఒకటుంటే చాలు. పార్కిన్సన్స్ మందు లెవోడోపా మొదలెట్టాక మూడో నెల రివ్యూకొచ్చి చెయ్యి తేలికైందన్నారు.

ఇంకోటి, తల తిరుగుడుకని నెలల తరబడి సిన్నరిజిన్ వాడేవాళ్లకీ పార్కిన్సన్ లక్షణాలు రావచ్చు, మందుల చీటీ చూడకుండా డయాగ్నసిస్ రాయొద్దు. అగర్వాల్ కుటుంబం, చేతుల వణుకు, తర్వాత తూలుడు అని కేసిస్తే వంశపారంపర్యంగా వచ్చే ఎస్‌సీఏ 12 అనే జబ్బు గుర్తు రావాలి. కుర్రవాళ్లలో ఏ కదలికల జబ్బైనా విల్సన్స్ (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) కాదని ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే దానికి మందుంది.

రీసెర్చ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు దారి పొడవు ముందే లెక్కేసుకోండి, ఎంబీబీఎస్ ఐదున్నర, ఎండీ 3, డీఎం 3, ఆపైన ఫెలోషిప్. ఇంట్లోవాళ్లు "ఇంకా చదువేనా" అంటారు, నాకూ బాధేసేది. కానీ ఈ ఫీల్డ్ చరిత్ర చదివితే ఆ నీరసం పోతుంది. 1982లో కాలిఫోర్నియాలో హెరాయిన్ పేరుతో అమ్మిన కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కుర్రాళ్లు బిగుసుకుపోయి ఆసుపత్రికొస్తే, అందులోని ఎంపీటీపీ అనే రసాయనమే మెదడులో డోపమైన్ తయారుచేసే సబ్‌స్టాన్షియా నైగ్రాని దెబ్బతీసిందని తేలింది, జంతువుల్లో పార్కిన్సన్స్‌ని స్టడీ చేసే మోడల్ అక్కణ్ణుంచే వచ్చింది. మన దూలగొండి గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే మన దేశపు కెమిస్టులు చూపించారు, పార్కిన్సన్స్‌కి అది మందుగా వాడింది 1960ల్లో.

నేను డీఎం అయ్యాక బెంగళూరు నిమ్హాన్స్‌లోనో తిరువనంతపురం శ్రీచిత్రలోనో ఫెలోషిప్‌కి ట్రై చేస్తా. ఈ ఏడాది రాసేవాళ్లు రేపు ఓపీలో ఒక్క పేషెంట్‌నైనా కుర్చీలోంచి లేపి, పది అడుగులు నడిపించి, వెనక్కి తిరగమని చూడండి, తిరగడానికి ఎన్ని అడుగులేశారో లెక్కపెట్టండి.