ఒగ్గుడోలుకు నెల జీతం?

ఐనవోలు మల్లన్న జాతర ఒడిసింది. ఇగ ఒగ్గుకథల మా పెద్దబాపు వాయించే డోలు దూలానికి, ఆయనేమో మేస్త్రీ కింద కూలికి.

నిన్న ఆయనకు ఐర్లండ్ ముచ్చట చెప్పిన. 2022లో అక్కడి సర్కారు 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోలు ఇచ్చుడు మొదలువెట్టింది. ఎవలు గొప్పోళ్లని చూడలే, అర్హుల్లోంచి లాటరీ తీసిండ్రు. వేరే సంపాదన ఉన్నా కోత లేదు.

"మరి సర్కారు పాటలే పాడాల్నా?" అన్నడు. అక్కర్లేదంటే నమ్మలే.

మన తెలంగాణల పద్మశ్రీ వచ్చిన కళాకారులకు నెలకు 25 వేలన్నరు, మంచిదే. చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్యకు 2024లో ఆ గౌరవం దక్కింది. కానీ అందాక పోయేసరికి వయసెంతయితది? డోలు పట్టే పోరలకు ఇరవై ఏండ్లప్పుడే కావాలె పైసలు. నాకైతే లాటరీయే నచ్చింది, పైరవీకి తావుండదు.

పెద్దబాపేమో "లాటరీల మన పేరెప్పుడొచ్చింది బిడ్డా" అన్నడు.