అలల వెంట పరుగు

తెల్లారకముందే తీరానికి చేరుకున్నాను, ఆ రోజు పోటు పొద్దున్నే మరి, నీళ్లు పైకి వచ్చేకొద్దీ బురదలో మేసే పిట్టలన్నీ ఒడ్డుకు దగ్గరగా జరుగుతాయి.

ఎక్కువసేపు శాండర్లింగ్ అనే చిన్న తీరపు పిట్టల దగ్గరే ఉండిపోయాను. అల వెనక్కి వెళ్లగానే దాని వెంట పరుగు, తడి ఇసుకలో ముక్కుతో టకటకా పొడవడం, మళ్లీ అల వస్తుంటే వెనక్కి పరుగు. బైనాక్యులర్స్‌లో ఒకదాని పాదం స్పష్టంగా కనిపించింది: వెనక వేలే లేదు, ఉన్న మూడూ ముందుకే. పక్కనే ఒక టర్న్‌స్టోన్ పిట్ట ముక్కుతో రాళ్లు తిరగేస్తోంది.

తర్వాత బార్ టెయిల్డ్ గాడ్విట్‌లు అనే పొడవు ముక్కు వలస పిట్టలు, ఓ పది ఉంటాయేమో. 2022లో ఈ జాతికే చెందిన ఐదు నెలల పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజుల పాటు ఎక్కడా దిగకుండా ఎగిరింది. అది గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

అంతలో ఎవరిదో కుక్క పరిగెత్తుకొచ్చి గుంపునంతా లేపేసింది. చాలా బాధేసింది. వలస ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునే రోజుల్లో ఇలా ఎగిరిన ప్రతిసారీ తిన్నది ఖర్చయిపోతుంది, దయచేసి ఈ సీజన్‌లో కుక్కల్ని పట్టుకునే నడవండి.

గాడ్విట్‌లు మళ్లీ దిగేదాకా అక్కడే కూర్చున్నాను. అరగంట పట్టింది.