సున్నా కూడా రాయండి

పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి, "డైవింగ్, డాల్ఫిన్లు, అలాంటి సాహసాలు ఏమైనా ఉంటే రాయండి" అన్నారు. నా దగ్గర అవి పెద్దగా లేవు. మెరైన్ బయాలజీ డిగ్రీ చదివిన వాళ్లను ఎవరినైనా అడిగి చూడండి, నీళ్లలో ఈదిన దానికన్నా బురద జల్లించిందే ఎక్కువ అంటారు. కాబట్టి ఆ డిగ్రీలో మేం నిజంగా చేసిన పని గురించే రాస్తాను. లెక్కపెట్టడం గురించి.

చేరినప్పుడు మాలో సగానికి పైగా తిమింగలాల మీద ఆశతో చేరినవాళ్లమే. టైమ్ టేబుల్ చూస్తే కెమిస్ట్రీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, వాటి మధ్యలో ఎక్కడో అకశేరుకాలు. తిమింగలం చివరి సంవత్సరంలో ఒక చాప్టర్‌లో వచ్చి వెళ్లిపోయింది. "ముందు నీళ్ల గురించి తెలుసుకోండి, అందులో ఉండేవాటి సంగతి తర్వాత" అనేవారు కెమిస్ట్రీ మాస్టారు. కిలో సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయన్న ముక్క చెప్పలేకపోతే ఆయన దగ్గర వైవా రెండో ప్రశ్న దాకా వెళ్లేది కాదు.

నీటిలో ఆక్సిజన్ కొలవడానికి ఆయన మాతో చేయించింది వింక్లర్ పద్ధతి. లాయోష్ వింక్లర్ దాన్ని 1888లో ప్రకటించాడు. సీసాలో ఒక్క గాలి బుడగ కూడా లేకుండా నీళ్లు నింపి, మాంగనీస్ సల్ఫేట్, క్షారం కలిపిన అయొడైడ్ వేస్తే, ఆక్సిజన్ ఎంత ఉంటే అంత గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆమ్లం పోయగానే మడ్డి కరిగి అయొడిన్ పసుపు తేలుతుంది. ఇక బ్యూరెట్ నుంచి థయోసల్ఫేట్ చుక్క చుక్కగా వదలాలి. పసుపు పలచబడ్డాక స్టార్చ్ కలిపితే నీళ్లు నీలంగా మారతాయి. ఆ నీలం ఏ చుక్కకు పోతుందో సరిగ్గా అక్కడ చెయ్యి ఆపాలి. ఆ చివరి చుక్క దగ్గర పడ్డ టెన్షన్ నాకు ఏ పరీక్షలోనూ లేదు. ఇప్పుడు సెన్సర్ ముంచితే అంకె వచ్చేస్తుంది, నిజమే. కానీ ఆ సెన్సర్ సరిగ్గా చూపిస్తోందా లేదా అని సరిచూడటానికి ఇవాళ్టికీ వింక్లర్ టైట్రేషనే చేస్తారు. ఆ సీసాలు పారేయొద్దని ప్రస్తుత విద్యార్థులకు నా మనవి.

రాతి తీరానికి వెళ్లే రోజును కాలేజీ క్యాలెండర్ బట్టి కాదు, చంద్రుణ్ని బట్టి పెట్టుకునేవాళ్లం. అమావాస్యకు, పౌర్ణమికి కాస్త అటూ ఇటూగా నీరు బాగా వెనక్కి పోతుంది. మామూలుగా అయితే ఆటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అయితే నెలకు రెండుసార్లు వచ్చే ఈ పెద్ద ఆటు మాత్రం ఒక తీరంలో ఎప్పుడూ ఇంచుమించు అవే గంటలకు వస్తుంది. మా తీరానికి అది తెల్లవారుజామున రాసిపెట్టి ఉంది. మళ్లీ సాయంత్రం కూడా వస్తుందనుకోండి, కానీ లెక్క పూర్తికాకుండానే చీకటి పడుతుంది. అందువల్ల మా బ్యాచ్‌లో నిద్రకు సంబంధించిన తగాదాలన్నీ నెలకు రెండుసార్లే జరిగేవి. ల్యాబ్ అటెండర్ అన్నకు ఆటు పట్టిక చూసే పని ఉండేది కాదు, వేళ్ల మీద లెక్కవేసి చెప్పేవాడు.

తీరంలో పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ఒడ్డు నుంచి నీటి అంచు దాకా తాడు పరచడం, దాని వెంట అక్కడక్కడా క్వాడ్రాట్ అనే చదరపు చట్రం పెట్టడం, లోపల ఉన్న ప్రతి జీవినీ ఎంచడం. చట్రాన్ని కళ్లు మూసుకుని విసిరితే చాలు కదా అనుకుంటారు. మేమూ అదే అన్నాం. మాకు ఈ పని నేర్పే మేడమ్ ఒప్పుకోలేదు. ఎంత మూసినా కన్ను అప్పటికే ఏదో చూసి ఉంటుంది, చెయ్యి అటువైపే పోతుంది, ఏవో జీవులు గుంపుగా ఉన్న చోటే చట్రం పడుతుంది, లెక్కంతా ఎక్కువగా తేలుతుంది. అందుకే యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలో ఏ అంకె వస్తే ఆ మీటరు దగ్గరే పెట్టాలి. ఆ అంకె మమ్మల్ని తీసుకెళ్లి వట్టి రాయి మీద నిలబెట్టేది. పక్కన రెండడుగుల దూరంలో సముద్రపు అర్చిన్లు, పీతలు కనిపిస్తుంటాయి, మన చట్రంలో ఒక్కటీ ఉండదు. తెల్లవారుజామున లేచి వచ్చిన వాడికి అది ఎంత మండుతుందో చెప్పనక్కర్లేదు.

అలాంటప్పుడు పేజీలో ఆ గడి ఖాళీగా వదిలి ముందుకు పోయేవాళ్లం. మేడమ్ పుస్తకం తీసుకుని, "సున్నా కూడా రాయండి. ఖాళీగా ఉంటే మీరు చూడలేదని అర్థం. సున్నా ఉంటే చూశారని, లేదని అర్థం. రెండూ ఒకటి కాదు" అనేవారు. అప్పుడు అది చాదస్తంలా అనిపించింది. మొత్తం డిగ్రీలో నాకు మిగిలింది ఆ చాదస్తమే అని ఇప్పుడనిపిస్తుంది.

ఎందుకంటే ఆ తర్వాత క్లాసులో చదివిన పెద్ద ప్రయోగాలన్నీ ఒక సున్నాను చూసి 'ఎందుకు' అని అడిగినవే. స్కాట్లండ్‌లోని కంబ్రే ద్వీపం రాళ్ల మీద రెండు రకాల బార్నకిల్స్, అంటే రాళ్లకు అతుక్కుని బతికే చిన్న పెంకు జీవులు, ఉంటాయి. ఒకటి పైభాగంలో, రెండోది కిందిభాగంలో. పైనుండే రకమైన కథమాలస్‌లో ఎదిగినవి కింద దాదాపు కనిపించవు. అక్కడ బతకలేకనా? జోసెఫ్ కానెల్ కొన్నిచోట్ల రెండో రకాన్ని గీకి తీసేసి చూశాడు. కథమాలస్ కింద కూడా హాయిగా బతికింది. అంటే దాన్ని లేకుండా చేస్తున్నది నీరు కాదు, పక్కన పెరుగుతూ దాన్ని పెకిలించేసే పొరుగుది. ఈ సంగతి ఆయన 1961లో ప్రకటించాడు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో రాబర్ట్ పేన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఒక రాతి ముక్క మీది పిసాస్టర్ నక్షత్ర చేపలను పీకి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు. తమను తినే నక్షత్ర చేపలు లేకపోవడంతో ఆల్చిప్పలు రాయంతా ఆక్రమించుకున్నాయి, 15 జాతులున్న చోట 8 మిగిలాయని 1966 వ్యాసంలో రాశాడు. ఈ రెండు ప్రయోగాలకు కావలసిన సరంజామా చూడండి: గీకే కత్తి, గడ్డపార, ఓపిక. మాలాంటి డబ్బుల్లేని డిపార్ట్‌మెంట్‌కు ఇంతకన్నా ధైర్యం ఇచ్చే పాఠం లేదు.

ల్యాబ్‌లో లెక్క ఇంకో రకం. వలతో లాగి తెచ్చిన ప్లవకాలను, అంటే నీటితో పాటు కొట్టుకుపోయే చిన్న జీవులను, ఫార్మలిన్‌లో నిలవచేసి, ఒక మిల్లీలీటరు పట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ గాజుపలక మీద పోసి, వెయ్యి గడుల్లో కొన్నింటిని ఎంచుకుని మైక్రోస్కోప్ కింద లెక్కించాలి. తలనొప్పి వచ్చేది, ఒప్పుకుంటాను. కానీ తలెత్తబుద్ధి కాని రోజులూ ఉన్నాయి. నెత్తిన పొడవాటి ముల్లుతో, ఒంటికి మించిన కళ్లతో ఒక వింత జీవి కనబడుతుంది. అది పీతపిల్ల. దాన్ని జోయియా అంటారు. ఒకప్పుడు జోయియాను, దాని తర్వాతి దశ అయిన మెగలోపాను వేరే వేరే ప్రజాతులుగా పేర్లు పెట్టి పుస్తకాలకెక్కించారు. 1820లలో జాన్ వాన్ థాంప్సన్ వాటిని నీళ్లలో పెంచి, రూపం మారడం కళ్లారా చూసి, ఇవన్నీ పీతలేనని తేల్చాడు. బార్నకిల్ నత్త వంశానికి కాదు, పీత, రొయ్యల వంశానికి చెందిందని దాని పిల్లల్ని చూసి పట్టుకున్నదీ ఆయనే.

వలతో ఇంకో తకరారు ఉంది, మేడమ్ చెప్పేదాకా మాకు తట్టలేదు. వల కన్ను కన్నా చిన్నవన్నీ దాటిపోతాయి. ప్రోక్లోరోకాకస్ అనే బ్యాక్టీరియా అడ్డంగా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే జీవుల్లో భూమి మీద అన్నిటికన్నా ఎక్కువ సంఖ్యలో ఉన్నది అదేనని ఇప్పుడు అంటున్నారు. దాని గురించి వ్యాసం వచ్చింది 1988లో. అంతవరకు శతాబ్దానికి పైగా వలలు లాగినవాళ్లందరి పుస్తకాల్లో దానికి గడి కూడా లేదు. ఎడ్వర్డ్ ఫోర్బ్స్ సంగతీ ఇంతే. 1840లలో ఏజియన్ సముద్రం అడుగును గాలిస్తూ, లోతుకు పోయేకొద్దీ జీవులు తగ్గడం చూసి, 300 ఫాథమ్‌లు, అంటే దాదాపు 550 మీటర్లు దాటితే ప్రాణి అనేదే ఉండదన్నాడు. 1869లో పోర్క్యుపైన్ ఓడ నాలుగు వేల మీటర్లు దాటిన లోతు నుంచి జీవులను పైకి తెచ్చింది. ఆ తర్వాత 1872లో బయలుదేరిన ఛాలెంజర్ యాత్రతో ఆ మాట పూర్తిగా మూలపడింది. ఫోర్బ్స్‌ను మేం క్లాసులో వెక్కిరిస్తే మేడమ్‌కు కోపం వచ్చింది. ఆయన చూసిన చోట ఆయనకు దొరికింది తక్కువే, చూడని లోతుకు కూడా ఆ లెక్కే సాగించాడు, అంతే. అప్పటినుంచి సున్నా పక్కన ఏ వల, కన్ను ఎంత, ఎంతసేపు లాగాం అన్నది కూడా రాయించారు.

స్టాటిస్టిక్స్ గురించి ఎక్కువ రాయను, కొందరికి పాత గాయాలు రేగుతాయి. ఇన్ని సున్నాలు పోగేసుకుని వెళ్తే ఆ మాస్టారు మొదటి మాటగా "సున్నాకు లాగరిథమ్ లేదు" అన్నారు. అన్నిటికీ ఒకటి కలిపి లాగ్ తీయించారు. అది ఎంతవరకు న్యాయమని నేను ఇప్పటికీ అనుకుంటాను.

పడవ మీద వెళ్లిన రోజుల్లో ఎక్కువమందికి గుర్తున్నది వాంతులే. సెక్కి డిస్క్ వంతు వస్తే మాత్రం అందరూ లేచేవారు. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తెలియడానికి తెల్లటి పళ్లెం తాడుకు కట్టి దించడం, కనబడకుండా పోయిన లోతు రాయడం. ఆంజెలో సెక్కి 1865లో మధ్యధరా సముద్రంలో చేసిన పని, నూటయాభై ఏళ్లు దాటినా అదే పద్ధతి, కాబట్టి అప్పటి అంకెల పక్కన ఇప్పటి అంకెలు పెట్టి చూడొచ్చు.

మా బ్యాచ్‌లో సముద్రం దగ్గరే ఉండిపోయినవాళ్లు కొద్దిమందే. ఒకరు చేప చెవిలోని రాయిని కోసి వలయాలు ఎంచి వయసు చెబుతారు, ఒకరు నీటి శుద్ధిలో, మరొకరు బ్యాంకులో. పాఠశాల పిల్లలకు చెప్పేవాళ్లు ఎక్కువ. అందరూ ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉన్నారు.

ఇక ఇది రాయడానికి అసలు కారణం. డిపార్ట్‌మెంట్ మన తాడు పరిచిన చోటే ఇప్పటికీ తాడు పరుస్తోంది. ఏటా ఒక బ్యాచ్ లెక్క చేరుతోంది కానీ మధ్యలో కొన్నేళ్ల పుస్తకాలు కనబడటం లేదు. ఇల్లు సర్దేటప్పుడు ఎవరికైనా ఆ తీరం నోట్‌బుక్ దొరికితే డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఇవ్వండి, స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తామన్నారు. పెన్సిల్‌తో రాసినవి కాబట్టి నీళ్లు పడినా చదవొచ్చు. లోపల తేదీ లేదని పక్కన పెట్టకండి. ఆటు ఎన్ని గంటలకు, ఎంత ఎత్తు అని రాసి ఉండి, ఏ బ్యాచ్‌దో తెలిస్తే, ఆ ఏడాది పట్టికతో సరిపోల్చి తేదీ చాలావరకు పట్టుకోవచ్చు.