కోకాపేట సెంట్రింగ్, గల్ఫ్ సెంట్రింగ్

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి సెంట్రింగ్ (కాంక్రీటు పోసే అచ్చు బిగించే) పనికి గల్ఫ్ పోయి వచ్చినవాళ్లకు కోకాపేట, నార్సింగి సైట్లలో సామాను కొత్తగా అనిపించదు. అక్కడ బిగించిన అల్యూమినియం పలకలే ఇక్కడా. ఎవరు తయారు చేసినా అందరూ ఒక కంపెనీ పేరుతో మివాన్ అనే అంటారు. హైదరాబాద్‌లో 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి (స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చనే హద్దు) ఎత్తేశాక టవర్లు లేచాయి. ఒకే ప్లాను ముప్పై నలభై అంతస్తులు వస్తే ఈ పలకల ఖర్చు గిట్టుబాటవుతుంది. చెక్క, ప్లైవుడ్డు కోసి బతికిన వడ్రంగికి పని తగ్గి, పలకలను కలిపే పిన్ను, వెడ్జి సుత్తితో కొట్టేవాడికి గిరాకీ పెరిగింది. ఇక్కడ ఆ సుత్తి పట్టేది ఎక్కువగా ఒడిశా, బిహార్, జార్ఖండ్ కుర్రాళ్లు. మనవాళ్లేమో అదే పనికి విమానం ఎక్కుతున్నారు.

తేడా అంతా పలకలు విప్పేటప్పుడు తెలుస్తుంది. ఓపీసీ (ఏమీ కలపని మామూలు) సిమెంటుకు ఐఎస్ 456 అనే భారత కాంక్రీటు ప్రమాణం చెప్పే లెక్క ఇది: గోడ పలకలు 16 నుంచి 24 గంటలకు, స్లాబు అడుగు పలకలు 3 రోజులకు తీయొచ్చు. సపోర్టులు మాత్రం గోడలు లేదా దూలాల మధ్య దూరం 4.5 మీటర్లు మించని స్లాబుకు 7 రోజులు, అది దాటితే 14 రోజులు ఉండాలి. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన సిమెంటయితే ఇంకా ఆగడం మంచిది. పలకల కన్నా సపోర్టు ఎక్కువ రోజులు ఉండాలి కాబట్టే దాని తల మీద ప్రాప్ హెడ్ అనే ముక్క పెడతారు. చుట్టూ పలకలు ఊడదీసినా దాని కింది సపోర్టు కదలకూడదు. పలక పట్టేసిందని సపోర్టు దించి, పలక లాగి, మళ్లీ నిలబెడితే ఆ కాసేపట్లోనే పచ్చి స్లాబు కుంగుతుంది. సన్నటి పగుళ్లు అప్పుడు ఎవరికీ కనబడవు, బాత్రూము కింద తడి దిగాక బయటపడతాయి. ఒక సెట్టు పలకలకు మూడు నాలుగు అంతస్తుల సపోర్టులు కొనాలి. ఆ కొనడంలో పొదుపు చేసిన సైటులో కింది అంతస్తు సపోర్టులు గడువుకు ముందే పైకి పోతాయి.

గల్ఫ్ పెద్ద సైట్లలో క్యూబ్ (కాంక్రీటు దిమ్మెను నొక్కి చూసే బల పరీక్ష) ఫలితం చూసి ఇంజినీరు సంతకం పెట్టాకే సపోర్టు తీస్తారు. ఇక్కడ చాలాచోట్ల మేస్త్రికి చదరపు అడుగుల లెక్కన డబ్బు. ఒక రోజు ఆగితే ఆ నష్టం అతనిదే, కాబట్టి తొందరపడతాడు. తప్పు మేస్త్రిది కాదు, అలా రేటు కట్టినవాళ్లది.

ఇంకో చోటు కిటికీ కింద. గోడలో పోసిన కాంక్రీటు కిటికీ పెట్టె కిందికి తేలిగ్గా చేరదు, గాలి చిక్కుకుని తేనెపట్టులా బొక్కలు పడతాయి. పెట్టె అడుగు పలకకు రంధ్రం పెట్టి, అందులోంచి సిమెంటు పాలు పైకొచ్చేదాకా రబ్బరు సుత్తితో తట్టాలి. కాంక్రీటు ఒకే పక్క నిండా పోయకుండా చుట్టూ తిరుగుతూ సుమారు మీటరు ఎత్తున పోసుకుంటూ రావాలి, లేకపోతే గోడ ఒరుగుతుంది. కొత్త పలకలకు మొదటి పోతల్లో కాంక్రీటు అంటకుండా పూసే నూనె ఇంకా జాగ్రత్తగా పట్టించాలి. అల్యూమినియం పచ్చి సిమెంటుతో కలిస్తే బుడగలొచ్చి గోడ గుంటలు పడుతుంది.

ఎండ విషయం ఒకటి చెప్పాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు బయట పని నిషేధం. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే ఎండకు అల్యూమినియం పలక చేతొడుగు లేకుండా పట్టలేం. అయినా విరామం మేస్త్రి దయ మీదే. ఇది మారాలి.

పోదామనుకునేవాళ్లు ఏజెంటు కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదయ్యాడో లేదో ముందు చూసుకోవాలి. చట్టప్రకారం ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ఆ కాగితం నకలు ఇంట్లో ఉంచాలి. తిరిగొచ్చేటప్పుడు ఏ పలకల పద్ధతిలో, ఏ హోదాలో, ఎన్నాళ్లు చేశారో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఒట్టి 'కార్పెంటర్' అని రాసిస్తే ఇక్కడ ఫోర్‌మన్ పని అడగడానికి అది సరిపోదు.