అందరూ సంతకం పెట్టారంటే అనుమానించాలి

అమెరికా బడుల్లో జే-1 వీసా (సాంస్కృతిక మార్పిడి కార్యక్రమాల కింద ఇచ్చేది) మీద పాఠాలు చెబుతున్న మన టీచర్లలో కొందరు సాయంత్రాలు మాస్టర్సో, డాక్టరేటో చదువుతుంటారు. థీసిస్ అనగానే చేతికి అందేది సొంత క్లాసే. మార్కులు వేసే చేతితోనే డేటా తీయడం, చిక్కంతా అక్కడుంది.

ముందు ఐఆర్‌బీ, అంటే మనుషుల మీద చేసే పరిశోధనకు అనుమతి ఇచ్చే యూనివర్సిటీ కమిటీ. ఏడాదంతా వర్క్‌షీట్లు పోగేసి ఆఖర్న అర్జీ పెడితే వెనక తేదీతో అనుమతి రాదు. ఆ ప్రాంతపు బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ అనుమతి విడిగా తీసుకోవాలి. మామూలు బోధన మీద చేసే పరిశోధనకు కామన్ రూల్‌లో (ఇలాంటి పరిశోధనలకు అమెరికా ప్రభుత్వం పెట్టిన నిబంధనలు) మినహాయింపు ఉన్నమాట నిజమే గానీ, అది మీకు వర్తిస్తుందో లేదో తేల్చాల్సింది యూనివర్సిటీ, మీరు కాదు.

అసలు కష్టం పిల్లల పనిని థీసిస్‌లో వాడుకోవడానికి ఇంటివాళ్ల సమ్మతి తీసుకునే దగ్గర. మన ఊళ్లలో "టీచరుగారు అడిగితే కాదంటామా?" అంటారు. అక్కడికి వలస వచ్చిన తల్లిదండ్రులదీ అదే మొహమాటం, దానికి తోడు కాగితాల భయం. అందుకే ఇరవై నాలుగు మందికి ఇరవై నాలుగు సంతకాలూ వస్తే సంబరపడకూడదు. ఫారం గురించి వేరే టీచరు చెప్పాలి, ఆ సేపు మీరు గదిలో ఉండకూడదు. "సరే", "వద్దు" రెండు గడులూ ఒకే కాగితం మీద ఉండాలి. ఒప్పుకున్నవాళ్లూ, ఒప్పుకోనివాళ్లూ ఒకేలాంటి కవరు అంటించి ఇవ్వాలి. ఆ కవర్లు ఆ టీచరు దగ్గరే బీరువాలో ఉండాలి, ఫైనల్ గ్రేడ్లు ఇచ్చేశాకే తెరవాలి. పాఠం అందరికీ ఒకటే. సమ్మతి అడిగేది డేటా వాడుకోవడానికే. బోనస్ మార్కుల ఆశ పెట్టొద్దు. ఫారం ఇంటి భాషలో ఉండాలి. పిల్లవాడి చేత తల్లికి చదివించి చెప్పించడం మాత్రం వద్దేవద్దు, వాడు మీ చేతికింద చదివేవాడు. తల్లి ఒప్పుకున్నా, పిల్లవాణ్ణి వేరుగా అడగాలి.

రాసేటప్పుడు పేరు తీసేస్తే సరిపోదు. థీసిస్ అట్ట మీద మీ పేరుంటుంది, దాంతో బడి తెలిసిపోతుంది. చిన్న ఊళ్లో "అయిదో తరగతిలో తెలుగు మాట్లాడే అమ్మాయి" అంటే ఇల్లు చూపించినట్టే. భాష, తరగతి, ఆడామగా: మూడూ ఒకే వాక్యంలో పడనివ్వకండి.

ఇంకొకటి. డైరీలో ఒక పిల్ల "నిన్న నాన్న బెల్టుతో కొట్టాడు" అని రాసిందనుకోండి. పిల్లను హింసిస్తున్నారన్న అనుమానం కలిగితే, అక్కడి చట్టాల ప్రకారం టీచరు అధికారులకు చెప్పి తీరాలి, రీసెర్చ్ డేటా అన్నా కుదరదు. కాబట్టి ఫారంలో "రాసింది రహస్యంగా ఉంచుతాం" అన్న మాట పక్కనే ఈ మినహాయింపునూ అదే సైజు అక్షరాల్లో వేయాలి.